గూడు కట్టని సాలీడు

అక్టోబరు రెండో వారం. సాయంత్రం దంచికొట్టిన వాన ఎనిమిదింటికి తెరిపిచ్చింది. బెంగళూరులో కె.ఆర్. పురం దాటాక మేముండే వీధిలో కరెంటు పోయి, వచ్చి, మళ్ళీ పోయింది. హిందూపురం నుంచి వచ్చి వారం రోజులుగా మా దగ్గరుంటున్న అమ్మ, గేటుకి తాళం వేద్దామని ఫోన్ టార్చి పట్టుకుని వెళ్ళింది. వెళ్ళిన మనిషి అక్కడే ఆగిపోయింది.

"నాయనా, ఇట్రా. చప్పుడు చేయొద్దు. ఇదేందో చూడు."

తులసి కుండీకీ చెప్పుల స్టాండుకీ మధ్య తడి గచ్చు మీద ఉంది. మట్టిరంగు ఒళ్ళు, వీపు మీద నిలువునా లేత చార, బలమైన కాళ్ళు. టార్చి దాని ముఖం మీదికి తిప్పగానే చీకట్లో పిల్లి కళ్ళలా రెండు చుక్కలు పచ్చగా మెరిశాయి. కాళ్ళతో కలిపి అరచెయ్యంత ఉందనిపించింది. కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు అజ్జి కిటికీలోంచి చూసి "జేడ అష్టే, ఏనూ మాడల్ల" అని లోపలికి వెళ్ళిపోయారు. కన్నడంలో జేడ అంటే సాలీడు. అదేమీ చెయ్యదులే అని ఆవిడ మాట. అమ్మకి నమ్మకం కుదరలేదు.

"సాలీడైతే మరి గూడేది?" అంది.

ఆ ప్రశ్న దగ్గరే అసలు చిక్కంతా ఉంది. తెలుగులో సాలె అంటే నేతగాడు. సాలీడు అన్న మాటకి నిఘంటువుల్లో నేసేవాడనే అర్థం కూడా ఉంటుంది. అంటే మన భాష ఈ జీవికి పేరు పెట్టింది ఒంటిని చూసి కాదు, చేసే పనిని చూసి. గూట్లో కూర్చుంటేనే సాలీడు. శ్రీకాళహస్తి పేరులో 'శ్రీ' సాలీడే. శివలింగం మీద గూడు అల్లి కొలిచింది. కాళం పాము, హస్తి ఏనుగు. ఆ కథ వింటూ పెరిగినవాళ్ళకి గచ్చు మీద కుక్కపిల్లలా పరిగెత్తే ఎనిమిది కాళ్ళ పురుగు కనబడితే అది సాలీడని తట్టదు. ఇంకేదో విషపు పురుగనిపిస్తుంది. చెప్పు చేతిలోకి వస్తుంది.

నిజానికి ప్రపంచంలోని సాలీళ్ళలో దాదాపు సగం గూడు కట్టి వేటాడవు. సాలీళ్ళ పేర్లన్నీ నమోదు చేసే ప్రపంచ జాబితా ఒకటి స్విట్జర్లాండులోని బెర్న్ మ్యూజియంలో నడుస్తోంది. 2022లో అందులో జాతుల సంఖ్య 50,000 దాటింది. వాటిలో 2,400కు పైగా జాతులు ఒక్క వుల్ఫ్ స్పైడర్ వంశానివే. వుల్ఫ్ అంటే తోడేలు. గుంపుగా వేటాడతాయని కాదు, ఇవి ఒంటరివే. గూట్లో కూర్చుని ఎదురు చూడకుండా నేల మీద తిరిగి, చూసి, దూకి పట్టుకుంటాయి కాబట్టి ఆ పేరు. వీటి వంశానికి శాస్త్రంలో లైకోసిడే అని పేరు. గ్రీకులో లైకోస్ అంటే తోడేలే. ఆ రాత్రి మా గేటు దగ్గరున్నది ఈ వంశానిదే. అది ఎలా చెప్పగలిగానో, ఎక్కడ చెప్పలేక ఆగిపోయానో రాస్తాను.

ముందు సైజు సంగతి

"అరచెయ్యంత ఉంది" అన్నది భయం వేసే కొలత. గుర్తుపట్టడానికి అది పనికిరాదు. సాలీడు సైజు చెప్పేటప్పుడు కాళ్ళు కలపరు. తల ముందు భాగం నుంచి పొట్ట చివరిదాకా ఎంతో అంతే. వుల్ఫ్ స్పైడర్లలో చాలావాటి ఒళ్ళు సెంటీమీటరు లోపు నుంచి రెండున్నర సెంటీమీటర్ల దాకా ఉంటుంది, బాగా పెద్దవి మూడున్నర దాకా వెళ్తాయి.

ఆ రాత్రి నేను నిటారుగా పైనుంచి ఫోటో ఒకటి తీశాను. పక్కన స్కేలు పెడదామంటే అది ఆగుతుందా? మరుసటి రోజు పొద్దున అదే చోట రూపాయి బిళ్ల పెట్టి, అదే ఎత్తు నుంచి ఇంకో ఫోటో తీశాను. గచ్చులో ఉన్న పగులు రెండు ఫోటోల్లోనూ పడింది కాబట్టి పోల్చడం తేలికైంది. 2011 తర్వాత వచ్చిన రూపాయి బిళ్ల వ్యాసం సుమారు 22 మిల్లీమీటర్లు. మా సాలీడు ఒళ్ళు సరిగ్గా ఆ బిళ్లంత. కాళ్ళు చాపుకుంటే ఆరేడు సెంటీమీటర్లు. అమ్మకి రెండు ఫోటోలూ పక్కపక్కన చూపిస్తే "ఇంతేనా!" అంది. చీకట్లో టార్చి వెలుగుకి నీడ కూడా కాళ్ళలాగే కనిపిస్తుంది, అందుకే అంత అనిపించింది.

రంగు కూడా పెద్దగా నమ్మదగింది కాదు. మట్టి మీద తిరిగే జీవులన్నీ మట్టిరంగులోనే ఉంటాయి. ఒకే జాతిలో మగదీ ఆడదీ వేరు రంగుల్లో ఉండొచ్చు. కుబుసం విడిచిన కొత్తలో ఒక రంగు, పాతబడ్డాక ఒక రంగు.

కళ్ళను ముగ్గు చుక్కల్లా చదవాలి

నమ్మదగినవి కళ్ళు. చాలా సాలీళ్ళకి ఎనిమిది కళ్ళుంటాయి, కానీ అవి ముఖం మీద ఏ వరసలో ఉన్నాయన్నది వంశాన్ని బట్టి మారుతుంది. నాకు ఇది ముగ్గు చుక్కల్లా అనిపిస్తుంది. నాలుగు, రెండు, రెండు. కింది వరసలో నాలుగు చిన్న కళ్ళు. వాటి పైన ముందుకి చూస్తూ రెండు పెద్దవి, లారీ హెడ్‌లైట్లలా. ఇంకాస్త పైన, నడినెత్తికి అటూ ఇటూ, పక్కలకీ వెనక్కీ చూసే రెండు మధ్యస్థం కళ్ళు. ఈ 4-2-2 ముగ్గు, మధ్యలో ఆ పెద్ద జంట కనబడితే అది వుల్ఫ్ స్పైడరే అని దాదాపు ఖాయం చేసుకోవచ్చు.

మా ఫోటోలో పైనుంచి చూస్తే ఈ వరస తెలియలేదు. ఆ రాత్రే ఇంకో ఫోటోకి గచ్చు మీద బోర్లా పడుకున్నాను. మోచేతులు తడిసిపోయాయి. ఫోను నేలకి ఆనించి, జూమ్ చేసి, ఎదురుగా తీస్తే ఆ రెండు పెద్ద కళ్ళు నల్లటి పూసల్లా స్పష్టంగా వచ్చాయి. ఎవరైనా సాలీడు ఫోటో పంపి ఇదేంటని అడిగితే నేను తప్పకుండా అడిగేది ఇదే: ముఖం ఎదురుగా తీసింది ఉందా? వీపు మీది డిజైన్ ఎంత అందంగా పడినా, ముఖం లేని ఫోటోతో సగం పనే అవుతుంది.

ఇక ఆ పచ్చటి మెరుపు. పెద్ద కళ్ళ లోపల అద్దంలాంటి పొర ఒకటుంటుంది. లోపలికి వచ్చిన వెలుతురుని అది తిరగ్గొడుతుంది, చీకట్లో ఉన్న కాస్త వెలుతురునీ రెండుసార్లు వాడుకోవడానికి. టార్చిని కణత దగ్గర, మన కళ్ళ ఎత్తులో పట్టుకుని గడ్డి మీదకి వేస్తేనే ఈ మెరుపు సరిగ్గా కనిపిస్తుంది; చెయ్యి చాపి పట్టుకుంటే వెలుతురు మన కంటికి తిరిగి రాదు. వాన వెలిసిన రాత్రి బెంగళూరులో ఏ ఖాళీ సైటులోనైనా ఇలా చూడండి. మంచు బిందువులనుకున్నవాటిలో కొన్ని కదులుతాయి.

ఒక్కోసారి కళ్ళు కూడా అక్కర్లేదు. ఆడ వుల్ఫ్ స్పైడర్ గుడ్ల సంచిని పొట్ట చివర, దారం వచ్చే చోట అతికించుకుని ఈడ్చుకుంటూ తిరుగుతుంది. బఠాణీ గింజంత గుండ్రటి, బూడిదరంగు లేదా తెల్లటి ఉండ. వెనక ఉండ వేలాడుతూ నేల మీద పరిగెత్తే సాలీడు కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. నర్సరీ వెబ్ స్పైడర్లని ఇంకో వంశముంది, అవి సంచిని కోరలతో పట్టుకుని ముందువైపు మోస్తాయి. సంచి ముందుందా వెనకుందా అన్నదే తేడా.

అంటే నేత మానేసిందని మనం అనుకున్న సాలీడు కూడా నేస్తుంది. ఇల్లు నెయ్యదు, వల నెయ్యదు, పిల్లలకి ఉయ్యాల నేస్తుంది.

గోడ మీద ఉండేది వేరు

బెంగళూరు, చెన్నై ఇళ్ళలో "పెద్ద సాలీడు" అని జనం చెప్పేది చాలాసార్లు వుల్ఫ్ స్పైడర్ కాదు, హంట్స్‌మన్. బాత్రూము గోడ మీదో, కేలండరు వెనకో, గ్యాస్ సిలిండరు పక్కనో బల్లపరుపుగా అతుక్కుని ఉండేది అదే. హెటెరోపోడా వెనటోరియా దాని పూర్తి పేరు. కాళ్ళు పీతలా పక్కలకి చాచి ఉంటాయి. కళ్ళ కిందుగా ముఖానికి అడ్డంగా మీసంలాంటి లేత చార ఉంటుంది. కళ్ళు నాలుగు నాలుగుగా రెండు వరసలు. వుల్ఫ్ స్పైడర్‌కి ఉన్నట్టు ముందుకి చూసే పెద్ద జంట ఉండదు. ఆడది గుడ్ల సంచిని రూపాయి బిళ్లలా బల్లపరుపుగా చేసి పొట్ట కింద పట్టుకుంటుంది. ఒళ్ళు రెండున్నర సెంటీమీటర్లే అయినా కాళ్ళు చాపితే పది సెంటీమీటర్లు దాటొచ్చు, అందుకే అంత హడలు. అది తినేది ముఖ్యంగా బొద్దింకల్ని.

నా లెక్కలో మొదటి ప్రశ్న రంగూ కాదు, సైజూ కాదు: ఎక్కడుంది? గోడ మీద నిటారుగా అతుక్కుని ఉంటే హంట్స్‌మన్ అని మొదలుపెట్టండి. నేల మీద పరిగెడితే వుల్ఫ్ స్పైడర్ అని మొదలుపెట్టండి. తర్వాత కళ్ళు చూసి సరిచేసుకోవచ్చు. ఎగిరి దూకే చిన్న సాలీడైతే, ముందు వరసలో మధ్య రెండు కళ్ళు బొమ్మ కళ్ళలా పెద్దవిగా ఉండి మన వైపు తల తిప్పి చూస్తుంటే అది జంపింగ్ స్పైడర్. దాన్ని చూసి ఎవరికీ టెన్షన్ రాదు, ఇక్కడితో వదిలేద్దాం.

"గూడు కట్టకపోతే వుల్ఫ్ స్పైడర్" అని సూత్రం పెట్టుకుంటే మాత్రం మన దేశంలోనే అది తప్పుతుంది. కబ్బన్ పార్కులోనో లాల్‌బాగ్‌లోనో తెల్లవారుజామున గడ్డి మీద మంచు పడినప్పుడు చూడండి. తెల్లటి జేబురుమాళ్ళు పరిచినట్టు పలచటి పరదాలు, ఒక మూల గరాటులా లోపలికి దిగే సొరంగం. ఆ సొరంగం నోట్లో కూర్చునేది హిప్పాసా. అది కూడా వుల్ఫ్ స్పైడర్ వంశంలోదే, కళ్ళ ముగ్గు అదే 4-2-2. వంశమంతా నేత వదిలేసినా వీళ్ళింట్లో మగ్గం ఆడుతూనే ఉంది. పగలు మంచు ఆరిపోయాక ఆ పరదాలు కనబడవు, మనం వాటి మీదే నడిచి వెళ్తాం.

టరంటులా అనే మాట

మా పక్కవీధిలో ఉండే గుంటూరాయన ఫోటో చూసి "టరంటులా కదండీ?" అన్నారు. ఇంత పెద్దగా, బొచ్చుగా ఉంటే అందరూ అనే మాట అదే. ఆ మాట కథ తెలిస్తే ఆయన పూర్తిగా తప్పనలేం. ఇటలీ దక్షిణాన టరాంటో అని ఊరు. ఆ ప్రాంతంలో పొలాల్లో సాలీడు కరిస్తే గంటల తరబడి గెంతుతూ నాట్యం చేస్తేనే విషం దిగుతుందని వందల ఏళ్ళు నమ్మారు. ఆ నాట్యమే టరంటెల్లా. ఆ నింద పడిన సాలీడు ఒక వుల్ఫ్ స్పైడర్. జీవులకి రెండు మాటల శాస్త్రీయ పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ 1758లో దానికి పెట్టిన పేరులోనే టరంటులా ఉంది. ఇప్పుడు దాన్ని లైకోసా టరంటులా అంటారు. తర్వాత యూరప్ వాళ్ళు అమెరికా వెళ్ళి, అక్కడ అంతకన్నా పెద్ద బొచ్చు సాలీళ్ళను చూసి అదే పేరు వాటికి తగిలించారు. పేరు వాటికే స్థిరపడిపోయింది. మొదటి టరంటులా మాత్రం వుల్ఫ్ స్పైడరే.

ఇప్పుడు టరంటులా అనేది థెరాఫోసిడే అనే వేరే వంశాన్ని. వాటి కళ్ళు చిన్నవి, నెత్తి మీద ఒకే గుబ్బ మీద గుంపుగా ఉంటాయి. కాళ్ళు లావు. కోరలు పైనుంచి కిందకి గొడ్డలిలా దిగుతాయి. వుల్ఫ్ స్పైడర్ కోరలు పటకారులా ఎదురెదురుగా మూసుకుంటాయి. మన దగ్గరా టరంటులాలున్నాయి. వాటిలో అన్నిటికన్నా ప్రసిద్ధమైనది మన ఊరి పేరు మోస్తోంది: గుత్తి టరంటులా. 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త పొయెసిలోథీరియా మెటాలికా అని పేరుపెట్టిన నీలిరంగు సాలీడు అది. మొదట దొరికింది అనంతపురం జిల్లా గుత్తిలో, రైల్వే కలప యార్డులో. ఆ తర్వాత వందేళ్ళపాటు దాని జాడ శాస్త్రవేత్తలకి దొరకలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో చెట్టు తొర్రల్లో మళ్ళీ కనబడింది. అడవి నుంచి కలపతో పాటు రైలెక్కి గుత్తికి వచ్చి ఉంటుందని అంచనా. ఇప్పుడది అంతరించిపోయే ప్రమాదం తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలో ఉంది. పెంపుడు జంతువుల వ్యాపారంలో ప్రపంచమంతా అమ్ముడవుతున్న మన సాలీడు, సొంత అడవిలో మిగలడమే కష్టంగా ఉంది. హిందూపురం నుంచి గుత్తి ఎంత దూరం, అమ్మకి ఆ సంగతి ఆ రాత్రి నేను చెప్పేదాకా తెలియదు. నాకు అది బాధగానే అనిపిస్తుంది.

ఇంటిపేరు దొరుకుతుంది, పేరు దొరకదు

ఫోటో పెడితే పురుగు పేరు చెప్పే యాప్‌లు ఇప్పుడు చాలా ఉన్నాయి. మా ఫోటోకి ఒక యాప్ 'కరొలైనా వుల్ఫ్ స్పైడర్' అని చెప్పింది. అది ఉత్తర అమెరికా సాలీడు. అక్కడి సౌత్ కరొలైనా రాష్ట్రం దాన్ని 2000లో తమ అధికారిక సాలీడుగా ప్రకటించుకుంది కూడా. అది కె.ఆర్. పురం ఎందుకొస్తుంది? యాప్ చెయ్యగలిగింది పోలిక చూడటమే, నెట్‌లో ఎక్కువ ఫోటోలు ఎక్కడివి ఉన్నాయో ఆ పేరే ముందు వస్తుంది. అలాగే చర్మం మీద కాస్త గాయమైతే చాలు 'బ్రౌన్ రెక్లూజ్' అంటారు. అది అమెరికా మధ్య, దక్షిణ ప్రాంతాల సాలీడు, దానికి కళ్ళు ఆరే, రెండేసి చొప్పున మూడు జంటలు. యాప్ ఇచ్చిన పేరులో వంశం వరకు నమ్మి, ఊరు సరిపోతుందో లేదో మనం చూసుకోవాలి.

మరి మా సాలీడు అసలు పేరేంటి? చెప్పలేను. ఫోటో చూసి చెప్పగలిగేవాళ్ళు కూడా చాలా తక్కువ. తెలుగువాళ్ళకి ఇది అర్థం చేసుకోవడం తేలిక, ఎందుకంటే మనం ఇంటిపేరు ముందు రాసి పేరు తర్వాత రాస్తాం. శాస్త్రంలో జీవుల పేర్లూ అంతే: పార్డోసా సూడోయాన్యులేటా అంటే పార్డోసా ఇంటిపేరు, రెండోది సొంత పేరు. వీటన్నిటికీ పైన వంశం, లైకోసిడే. ఫోటోలో కళ్ళు బాగా పడితే వంశం తెలుస్తుంది. అదృష్టముంటే ఇంటిపేరు దాకా వెళ్ళొచ్చు. సొంత పేరు కావాలంటే పెరిగిన సాలీడై ఉండాలి, దాని జననాంగాల ఆకారాన్ని సూక్ష్మదర్శినిలో చూడాలి. ఆడదానికి పొట్ట కింద గట్టి పలకలాంటిది ఉంటుంది, మగదానికి ముఖం దగ్గరి రెండు చిన్న కాళ్ళలాంటివాటి చివర్లు బాక్సింగ్ గ్లౌజుల్లా ఉబ్బి ఉంటాయి. తాళమూ తాళంచెవీలాగా ఇవి ఒక్కో జాతికి ఒక్కో ఆకారంలో ఉంటాయి. ఆ బాక్సింగ్ గ్లౌజులు మామూలు ఫోటోలోనే కనిపిస్తాయి కాబట్టి మగదా కాదా అన్నంతవరకు మనం చెప్పుకోవచ్చు. పిల్ల సాలీడైతే నిపుణుడు కూడా వంశం దగ్గరే ఆగిపోతాడు.

పైగా ఇంటిపేర్లే మారుతుంటాయి. మన దేశపు వుల్ఫ్ స్పైడర్ల మీద టికాదర్, మల్హోత్రా అనే శాస్త్రవేత్తలు కలిసి 1980లో జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా తరఫున పెద్ద పని చేశారు. అది ఇప్పటికీ ఆధారమే. కానీ ఒకప్పుడు లైకోసా అని రాసిన జాతుల్ని తర్వాతివాళ్ళు పరిశీలించి వేరే ఇంటిపేర్ల కిందికి మార్చిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఇందాక చెప్పిన పార్డోసా సూడోయాన్యులేటా కూడా ఒకప్పుడు లైకోసానే. కాబట్టి పాత పుస్తకంలో ఒక పేరు, కొత్త వెబ్‌సైటులో ఇంకో పేరు కనబడితే రెండూ ఒకటే అయ్యుండొచ్చు.

సొంత పేరు దొరకలేదని నిరాశపడక్కర్లేదు. గేటు దగ్గర నిలబడిన మనిషికి కావలసింది ఒక నిర్ణయం: దీన్ని చంపాలా, తరమాలా, వదిలెయ్యాలా? దానికి వంశం తెలిస్తే చాలు.

కరిస్తే?

వుల్ఫ్ స్పైడర్‌కి విషం ఉంది, దాదాపు అన్ని సాలీళ్ళకీ ఉన్నట్టే. ఆ విషం పురుగుల కోసం. ఆస్ట్రేలియాలో సాలీడును పట్టుకుని నిర్ధారించిన 45 వుల్ఫ్ స్పైడర్ కాట్లను పరిశీలించి 2004లో ఫలితాలు ప్రచురించారు. నొప్పి ఉంది, కొందరికి ఎరుపు, దురద ఉన్నాయి, ఒక్కరికి కూడా చర్మం కుళ్ళలేదు. బ్రెజిల్‌లో ఒకప్పుడు కుళ్ళే గాయాలకి వుల్ఫ్ స్పైడరే కారణమనుకుని దానికి విరుగుడు మందు కూడా తయారు చేశారు. ఆ గాయాలు లోక్సోసెలెస్ అనే వేరే సాలీడు పని అని తర్వాత తేలింది. ఇన్నేళ్ళు నింద మోసింది ఒకటి, చేసింది ఇంకొకటి.

ఇది తనంతట తాను మీదికొచ్చి కరవదు. బట్టల్లోనో బూటులోనో ఇరుక్కుని నలిగినప్పుడు, చేత్తో పట్టుకున్నప్పుడు కరుస్తుంది. సబ్బుతో కడిగి, గుడ్డలో ఐసు చుట్టి పెడితే చాలావరకు సరిపోతుంది. ఒళ్ళంతా దద్దుర్లు, ఊపిరి ఆడకపోవడం లాంటివి వస్తే మాత్రం ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

పొద్దున లేచేసరికి మెడ మీద గీతలా మంట పుట్టించే పొక్కులుంటే "సాలీడు పాకింది" అంటారు కదా. వానాకాలం బెంగళూరులో అది చాలాసార్లు పెడెరస్ అనే సన్నటి నారింజ, నలుపు రంగుల పురుగు పని. జనం దాన్ని ఆసిడ్ ఫ్లై అంటారు. అది కరవదు, కుట్టదు. నిద్రలో మనం నలిపేస్తే దాని ఒంట్లోని రసం చర్మాన్ని కాలుస్తుంది. ఒకవైపే నడుముచుట్టూ పట్టీలా పొక్కులొస్తే అది సర్పి కావచ్చు, డాక్టరుకి చూపించాలి.

ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. చీకట్లో ఏదో కరిచింది, ఏదో చూడలేదు, నొప్పి కూడా పెద్దగా లేదు. అప్పుడు "సాలీడే అయ్యుంటుందిలే" అని పడుకోవద్దు. కట్లపాము కాటు నొప్పి లేకుండానే పడొచ్చు, గుర్తు కూడా సరిగ్గా కనబడకపోవచ్చు. కనురెప్పలు వాలిపోవడం, మాట తడబడటం, కడుపునొప్పి మొదలయ్యేసరికి ఆలస్యమవుతుంది. కరిచింది కళ్ళతో చూడనప్పుడు వెంటనే ఆసుపత్రికి వెళ్ళడమే సరైన పని.

ఎందుకొచ్చింది, ఏం చెయ్యాలి

వాన పడితే నేలలోని బొరియల్లో నీళ్ళు చేరతాయి. అందులో ఉన్నవి బయటికొస్తాయి. పైగా మగ సాలీళ్ళు ఆడవాటిని వెతుక్కుంటూ రాత్రంతా తిరుగుతాయి. మన గేటు దగ్గర తెల్లటి లైటు వెలుగుతుంటే వానకి రేగిన ఉసుళ్ళు, పురుగులు అక్కడ మూగుతాయి, వాటి వెనకే వేటాడేవాళ్ళు. గేటు లైటుని పసుపు వెలుతురుదానికి మార్చి, తలుపు కింది సందుకి రబ్బరు పట్టీ వేశాం. లోపలికి రావడం తగ్గింది.

లోపలికి వస్తే ఒక వెడల్పాటి గాజు గ్లాసు బోర్లించి, కిందుగా పెళ్ళి శుభలేఖలాంటి గట్టి కాగితం మెల్లగా జరిపి, బయట మొక్కల్లో వదిలెయ్యాలి. కాళ్ళు గ్లాసు అంచు కింద నలగకుండా చూసుకోవాలి. చీపురుతో కొట్టొద్దనడానికి ఇంకో కారణం ఉంది. గుడ్లు పొదిగాక తల్లే సంచిని చీల్చి దారిస్తుంది, పిల్లలన్నీ కాళ్ళ మీదుగా ఎక్కి తల్లి వీపంతా పరుచుకుంటాయి. ఆ తల్లిని కొడితే నాలుగు దిక్కులా పదుల కొద్దీ పిల్లలు చెదురుతాయి. కొట్టినవాళ్ళు జన్మలో మర్చిపోరు.

సంచి మీద దానికున్న పట్టుదల గురించి ఫ్రాన్స్‌కు చెందిన జాఁ ఆన్రీ ఫాబ్ర్ అనే కీటక పరిశీలకుడు రాసినది తల్చుకుంటే నాకు మనసు కరుగుతుంది. తల్లి సాలీడు దగ్గర్నుంచి ఆయన సంచి లాక్కుని, దాని బదులు అంతే సైజు కార్కు ఉండ ఇచ్చాడు. అది ఆ ఉండని అతికించుకుని, సొంత సంచిలాగే మోసుకుంటూ తిరిగింది.

మన ఊళ్ళలో వీటి విలువ తెలిసినవాళ్ళు వరి రైతులు. వరి పొలంలో నీళ్ళ మీద పరిగెత్తి దుబ్బుల మొదళ్ళలో సుడిదోమ అనే రసం పీల్చే పురుగును పట్టి తినేది పార్డోసా సూడోయాన్యులేటానే. పెరిగిన సాలీడు ఒక్కటి రోజుకి 5 నుంచి 15 పురుగుల దాకా తింటుందని వరి పరిశోధకుల లెక్క. తొందరపడి మందు కొడితే ముందు చచ్చేది సాలీడు. గుడ్ల రూపంలో మిగిలిన దోమ మళ్ళీ లేచి, ఈసారి అడ్డుకునేవాడు లేక పొలాన్ని సుడులు సుడులుగా ఎండబెడుతుంది. ఈ దెబ్బ తిన్నాకే ఇండోనేసియా 1986లో వరి మీద 57 పురుగుమందుల్ని నిషేధించింది.

ఆ రాత్రి మేము దాన్ని ఏమీ చెయ్యలేదు. అది చెప్పుల స్టాండు కిందకి వెళ్ళిపోయింది. నాలుగు రోజుల తర్వాత పొద్దున్నే అమ్మ తులసికి నీళ్ళు పోస్తూ పిలిచింది. ఈసారి గొంతులో కంగారు లేదు. కుండీ అంచు మీద, ఎండ పడే చోట, వుల్ఫ్ స్పైడర్ ఒకటి వెనక కాళ్ళు పైకెత్తి తన సంచిని ఎండకి తిప్పుతూ ఉంది. మొదటి రాత్రి చూసినదేనో మరొకటో నేను చెప్పలేను. అమ్మ చెంబు పక్కన పెట్టేసి, కళ్ళజోడు సరిచేసుకుని, దాని ముఖంలోకి వంగి వేలు గాల్లో కదిలిస్తూ లెక్కపెట్టింది.

"కింద నాలుగు సరిగ్గా కనపళ్ళేదు నాయనా. పైన రెండూ మాత్రం చూసినా."

తులసికి నీళ్ళు ఆ రోజు అవతలి పక్కనుంచి పోసింది.